అరేంజర్ కొనాలా, సింథ్ కొనాలా? పెళ్లి ప్రోగ్రాములు, కీర్తనలు రెండూ వాయించాలి

చిత్తూరు_కీస్ | చిత్తూరు

అందరికీ నమస్కారం. మా నాయన నడిపే ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తా ఉండా. ఒకప్పుడు మాకు తబలా, డోలక్, బేస్ గిటార్, ఆక్టాప్యాడ్ (కర్రలతో కొట్టే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్) అన్నీ ఉండేవి. ఇప్పుడు పెళ్లివాళ్లు ఇచ్చే డబ్బులకు అంత మందిని తీసుకుపోలేం. రిసెప్షన్ అంటే పాడేవాళ్లిద్దరు, నేను, అంతే. ప్యాడ్ వాయించే అన్న ఖాళీగా ఉంటే వస్తాడు, లేకుంటే లేదు. ఇది గాక శనివారాలు మా వీధి భజన మండలిలో అన్నమయ్య కీర్తనలకు వాయిస్తా.

ఇప్పుడుండే పాత కీబోర్డ్‌లో కొన్ని కీలు ఒక్కోసారి పలకవు, ఒక్కోసారి ఉన్నట్టుండి అరుస్తాయి. కొత్తది కొనాల. యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్700 మాదిరి అరేంజర్ (డ్రమ్స్, బేస్ తానే తోడు వాయించే కీబోర్డ్) తీసుకోమని కొందరు, రోలాండ్ జూనో-డీఎస్ మాదిరి సింథ్ (నాదాన్ని మనమే మలుచుకునే కీబోర్డ్) తీసుకోమని కొందరు చెప్తా ఉండారు. చెన్నైకి పోయి రెండూ చూసినా. షాపులో ఏది వాయించినా బాగానే ఉంటాది గదా. స్టేజీ మీద, మన పాటలకు, ఏది యాడ ఆగిపోతుందో వాయించేవాళ్లు చెప్పండి.

రేణిగుంట_రిపేర్ | రేణిగుంట

తమ్ముడూ, కొత్తది కొనుక్కో, పాతదాన్ని మాత్రం పారేయొద్దు. నువ్వు చెప్పిన లక్షణం బోర్డు పోయింది కాదు. ప్రతి కీ కింద ఒక రబ్బరు బుడిపె ఉంటుంది, దాని లోపల రెండు నల్లటి కార్బన్ చుక్కలు. కీ దిగుతుంటే ముందు ఒకటి తగులుతుంది, వెంటనే రెండోది. ఆ రెంటి మధ్య ఎంత సమయం పట్టిందో చూసి, మెల్లగా నొక్కావో గట్టిగా కొట్టావో మెషీన్ లెక్కేస్తుంది. దుమ్ము చేరి ఒక చుక్క ఆలస్యంగా తగిలిందంటే ఆ లెక్క తప్పిపోతుంది. స్వరం రాకుండానైనా పోతుంది, లేదంటే పూర్తి బలంతో, అంటే మెషీన్ లెక్కలో అన్నిటికన్నా పెద్ద అంకె 127 దగ్గర, మోగుతుంది. అదే నీకు వినపడే అరుపు.

విప్పి, రబ్బరు పట్టీ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో చుక్కల్నీ, కింద బోర్డు మీద అవి తగిలే చోటునీ తుడవాలి. గట్టిగా రుద్దితే కార్బన్ పొర లేచిపోతుంది, జాగ్రత్త. పట్టీ తిరిగి పెట్టేటప్పుడు ఉబ్బు లేకుండా కూర్చోబెట్టాలి. పెళ్లిపందిట్లో హోమం పొగ, మన ఎండాకాలం దుమ్ము, రెండూ కలిస్తే ఎంత ఖరీదైన కీబోర్డ్‌కైనా ఇది తప్పదు. వాయించనప్పుడు మీద గుడ్డ కప్పి ఉంచు.

మదనపల్లి_వన్‌మ్యాన్ | మదనపల్లి

నేను చాలా ప్రోగ్రాములు ఒంటరిగా వాయిస్తాను కాబట్టి అరేంజర్ వైపు నిలబడి చెప్తాను. పాడేవాళ్లిద్దరు, నువ్వొక్కడివి అన్నావు. ఆ పరిస్థితికి అరేంజర్‌ను మించింది లేదు.

ఎడమచేత్తో కార్డ్ (కలిపి మోగించే మూడు, నాలుగు స్వరాలు) పట్టుకుంటే డ్రమ్స్, బేస్, గిటార్, స్ట్రింగ్స్ అన్నీ ఆ కార్డ్‌లోకి మారిపోతాయి. మెషీన్ ఇలా వాయించే తోడు వాద్యాన్నే స్టైల్ అంటారు. యమహాలో ఒక స్టైల్‌కి ఎనిమిది భాగాలు: రిథమ్ రెండు, బేస్ ఒకటి, కార్డ్ రెండు, ప్యాడ్ (వెనక నిలకడగా పట్టే నాదం) ఒకటి, ఫ్రేజ్ (చిన్న స్వరాల బిట్) రెండు. పల్లవికి మెయిన్ ఏ, చరణానికి బీ, జోరు పెంచాలంటే సీ, డీ. మధ్యలో ఫిల్ (భాగం మారేటప్పుడు వచ్చే చిన్న బిట్), చివర్లో ఎండింగ్. దీనికి తోడు రిజిస్ట్రేషన్ ఉంది. ఏ పాటకు ఏ స్టైల్, ఎంత టెంపో, కుడిచేతికి ఏ టోన్, ఎంత ట్రాన్స్‌పోజ్ అన్నీ ఒక్క బటన్‌లో దాచుకోవచ్చు. పెళ్లికొడుకు స్నేహితులు వచ్చి చీటీ ఇచ్చి పాట మార్చమంటే, గాయకుడు మైక్ అందుకునే లోపల నువ్వు సిద్ధంగా ఉంటావు. సింథ్‌తో ఒక్కడివే ఈ పని చెయ్యలేవు.

ఇక దాని హద్దులు. స్టైల్‌లో ఉండేది వేరే ఎవరో వేరే సందర్భానికి వాయించి పెట్టిన వాద్యం. మూడో పాటకే జనం చెవికి అదే ఫిల్ మళ్లీ మళ్లీ తగులుతుంది. మన తెలుగు పాటల్లో చరణానికీ చరణానికీ మధ్య వచ్చే బిట్ ఒక్కొక్కటి ఒక్కో నడక. స్టైల్ దాన్ని పట్టించుకోదు, తన దారిన తాను పోతుంది. అందుకే నేను ఫ్యాక్టరీ స్టైల్‌ని ఉన్నదున్నట్టు వాడను. స్టైల్ క్రియేటర్‌లో డ్రమ్స్ ఉంచి కార్డ్ భాగాలు తీసేస్తాను, ఒక డోలక్ లైన్ నేనే వాయించి కలుపుతాను. ఇంటి దగ్గర ఆ కష్టం పడితేనే స్టేజీ మీద సుఖం.

ఇంకో సంగతి షాపులో ఎవరూ చెప్పరు. 61 కీల యమహా అరేంజర్‌లో మామూలుగా స్ప్లిట్, అంటే ఎడమ, కుడి భాగాల హద్దు, ఎఫ్ షార్ప్2 దగ్గర ఉంటుంది. ఎడమ వైపు 19 కీలు కార్డ్‌కి పోతాయి. కుడిచేతికి మిగిలేది 42, అంటే మూడున్నర ఆక్టేవులు. వేణువుకో నాదస్వరానికో చాలు. పియానో బిట్ రెండు చేతులతో వాయించాలంటే మాత్రం స్టైల్ ఆపుకోవాల్సిందే.

ఆక్టాప్యాడ్_పీలేరు | పీలేరు

ఒంటరిగా పోయేవాడికి అన్న చెప్పింది నిజమే. కానీ రిథమ్‌కి మనిషి ఉంటే కథ వేరేగా ఉంటాది. నేను ప్యాడ్ వాయిస్తా. పక్కన కీబోర్డ్ వాయించేవాడు అరేంజర్ స్టైల్ ఆన్ చేసినాడంటే నాకు ఊపిరాడదు. గాయకుడు భావం కోసం ఒక అక్షరం లాగి పాడినాడనుకో, నేను చూసి ఆగుతా. మెషీన్ ఆగదు. నేను మెషీన్ వెనక పరిగెత్తాల, లేదంటే పాడేవాడు మెషీన్ వెనక పరిగెత్తాల.

మా ఆర్కెస్ట్రాలో కీస్ వాయించే తమ్ముడు సింథ్ తీసుకున్న తర్వాత ఇద్దరం మనుషులమే వాయిస్తా ఉండాము. ఎడమచేత్తో వాడు బేస్ వాయిస్తాడు, కుడిచేత్తో స్ట్రింగ్స్ మీద వేణువు లేయర్. స్లో పాటకు మొదట ఫిల్టర్ (నాదంలో మెరుపును అదుపు చేసేది) మూసి పెట్టి పల్లవి రెండోసారికి నాబ్ తిప్పుతాడు, స్ట్రింగ్స్ మెల్లగా తెరుచుకుంటాయి. ఆ పని అరేంజర్‌లో అంత చేతికి అందదు.

కాబట్టి చిత్తూరు తమ్ముడు ముందు తేల్చుకోవాల్సింది ప్యాడ్ అన్న వస్తాడా రాడా అనేదే.

చిత్తూరు_కీస్ | చిత్తూరు

చాలా సంతోషం అన్నలూ. ప్యాడ్ అన్న పెద్ద ప్రోగ్రాములకే వస్తాడు. ఎక్కువ రోజులు నేనొక్కడినే. రిసెప్షన్ సంగతి నాకు తేలిపోయినట్టే. భజన మండలి మాటేంది? మొన్న ఒక కీర్తనకు స్టైల్ వేసినా. హిందోళం. మెల్లటి స్టైలే, సీ మైనర్ పట్టుకున్నా. మండలిలో ఒక పెద్దాయన వెంటనే ఆపమన్నాడు, రాగం పోయింది అన్నాడు. ఎందుకు పోయిందో నాకు అర్థం కాలా.

వీణ_తిరుపతి | తిరుపతి

పెద్దాయన చెవి సరైనదే తమ్ముడూ. హిందోళంలో ఉండేవి సరిగమపదనిలో ఐదే: షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. రిషభం లేదు, పంచమం లేదు. నీ షడ్జమం సీ అయితే పంచమం జీ. నువ్వు పట్టిన సీ మైనర్‌లో మూడు స్వరాలు: సీ, ఈ ఫ్లాట్, జీ. ఆ మూడోదే పంచమం. పైగా స్టైల్‌లో బేస్ ఎప్పుడూ మూలస్వరం, దాని పంచమం మధ్య తిరుగుతుంది. అంటే రాగంలో లేని స్వరాన్ని మెషీన్ ప్రతి బార్‌లో అడుగున నిలబెట్టి మోగించింది. పైన నువ్వు ఎంత శుద్ధంగా వాయించినా ఏం లాభం?

అరేంజర్‌కి కార్డ్ తెలుసు, రాగం తెలియదు. మన కీర్తనలకు దాని అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. టోన్లు ఎన్ని వందలున్నాయి, స్టైల్స్ ఎన్ని వందలున్నాయి అనేది ఆ తర్వాతి మాట.

మదనపల్లి_వన్‌మ్యాన్ | మదనపల్లి

మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ దారి లేకపోలేదు. హిందోళానికి సీ మైనర్ బదులు ఎఫ్ మైనర్ పట్టుకోండి. అందులో ఎఫ్, ఏ ఫ్లాట్, సీ. అంటే మధ్యమం, ధైవతం, షడ్జమం. మూడూ రాగంలోవే. బేస్ తిరిగేది ఎఫ్, సీల మధ్య, అవీ రాగంలోవే. రెండో కార్డ్ కావాలంటే ఏ ఫ్లాట్ మేజర్: ధైవతం, షడ్జమం, గాంధారం. అదీ సరిపోతుంది. స్టైల్ దాన్ని మేజర్ సెవెన్త్‌గా వాయించకుండా చూసుకోవాలి, సెవెన్త్ వస్తే మళ్లీ జీ దూరుతుంది.

వీణ_తిరుపతి | తిరుపతి

స్వరాలు సరిపోతాయి, ఒప్పుకుంటాను. కానీ బేస్ ఎఫ్ మీద నిలబడితే వినేవాళ్ల చెవి మధ్యమాన్నే షడ్జమం అనుకోవడం మొదలుపెడుతుంది. పాడేవాళ్లకి ఆధారం జారిపోతుంది. భజనలో గొంతు కలిపే వాళ్లలో సగం మందికి శాస్త్రీయ శిక్షణ ఉండదు, వాళ్లు ఆ బేస్ వెంట పోతారు. సినిమా పాటకి మీ పద్ధతి అందంగా ఉంటుంది. కీర్తనకి నేనైతే బేస్, కార్డ్, ప్యాడ్, ఫ్రేజ్ భాగాలన్నీ ఆఫ్ చేసి రిథమ్ ఒక్కటే ఉంచుతాను. కింద తంబుర. హిందోళానికి తంబురలో పంచమం బదులు మధ్యమం.

మదనపల్లి_వన్‌మ్యాన్ | మదనపల్లి

ఆధారం సంగతి సరిగ్గా పట్టుకున్నారు. కీర్తనకి మీ పద్ధతే మేలు. ఆ స-మ శ్రుతిని స్టైల్‌లోనే పెట్టుకునే ఉపాయం ఒకటి చెప్తాను. స్టైల్ క్రియేటర్‌లో ఒక ఫ్రేజ్ భాగంలో శ్రుతి రికార్డ్ చేసి, కార్డ్ మారితే స్వరాలు ఎలా మారాలో చెప్పే రెండు సెట్టింగుల్లో ఎన్‌టీఆర్‌ని రూట్ ఫిక్స్‌డ్‌గా, ఎన్‌టీటీని బైపాస్‌గా పెడితే, ఎడమచేత్తో ఏ కార్డ్ పట్టినా ఆ శ్రుతి కదలదు. డ్రమ్స్ భాగానికి మెషీన్ వాడేది అదే సెట్టింగ్.

చిత్తూరు తమ్ముడికి ఇంకొంచెం. హంసధ్వనికి అరేంజర్ బాగా కలిసొస్తుంది. స రి గ ప ని కాబట్టి సీ మేజర్, జీ మేజర్, ఈ మైనర్ మూడూ రాగం దాటవు. మోహనంలో నిషాదం లేదు కాబట్టి జీ మేజర్ పట్టకూడదు, అందులో బీ వస్తుంది. సీ మేజర్, ఏ మైనర్‌తో సరిపెట్టుకో. చాలామంది అలవాటు కొద్దీ మోహనానికి జీ వేసేస్తారు.

సంప్రదాయం_పుత్తూరు | పుత్తూరు

ఇంత అవస్థ ఎందుకండీ? కీబోర్డ్ మీద గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలకదు. కీ నొక్కితే స్వరం నిలువుగా నిలబడుతుంది, అంతే. అన్నమయ్య కీర్తనలకి వయొలిన్, వీణ, వేణువు ఉన్నాయి. కీబోర్డ్‌ని పెళ్లిళ్లకే ఉంచుకోండి.

వీణ_తిరుపతి | తిరుపతి

మీ బాధ నాకు తెలుసండీ. ఇదే మాట మీద ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను దూరం పెట్టింది. మీటలు విడివిడిగా ఉన్న వాద్యం మీద స్వరం నుంచి స్వరానికి జారలేం అన్నది అప్పటి వాదనల్లో ఒకటి. హార్మోనియం వరకు అది నిజం, దాని మీద స్వరాన్ని వంచే సాధనమే లేదు. కీబోర్డ్‌కి పిచ్ బెండ్, అంటే స్వరాన్ని పైకీ కిందికీ వంచే సాధనం, ఉంది. మిడి అనే ఎలక్ట్రానిక్ వాద్యాల సంకేత భాషలో పిచ్ బెండ్‌కి 16,384 మెట్లు ఉంటాయి. సాధనం ఉంది, ఇక సాధన చెయ్యాలి. కీబోర్డ్ మీద పూర్తి కర్ణాటక కచేరీలు చేసే విద్వాంసులు ఉన్నారు కదా.

తోడి తీసుకోండి. అందులో గాంధారం మీట నొక్కి ఊరుకుంటే అది తోడి కాదు. ఆ స్వరం రిషభ మధ్యమాల మధ్య ఊగుతూ పలకాలి. నేను విద్యార్థులకు చూపించేటప్పుడు బెండ్ రేంజ్ సెమీటోన్ల లెక్కన నాలుగు పెట్టి, కింది స్వరం నొక్కి పట్టి, వీల్‌తో పైకి తీసుకెళ్లి ఊపమంటాను. మొదట్లో సైరన్ లాగే ఉంటుంది. వీల్ ఎంత దూరం తిప్పితే ఏ స్వరం వస్తుందో వేలికి తెలిసేదాకా పాటల జోలికి పోకూడదు, సరళీ స్వరాలే.

ఇక్కడ వాద్యం ఎంపిక గురించి ఒక మాట. యమహా పీఎస్‌ఆర్ పెద్ద మోడళ్లలో ఎస్975 దాకా విడి వీల్స్ ఉండేవి. 2019లో వచ్చిన ఎస్‌ఎక్స్700, ఎస్‌ఎక్స్900ల్లో జాయ్‌స్టిక్ పెట్టారు. జాయ్‌స్టిక్ పక్కకి పిచ్, నిలువుగా మాడ్యులేషన్. ఊపేటప్పుడు చెయ్యి ఏటవాలుగా పోతే అనుకోని కంపనం కలుస్తుంది. రోలాండ్‌లో లీవర్, అదీ కొంత ఇలాంటిదే. యమహా సింథ్ మోడీఎక్స్‌లో వీల్స్ విడివిడిగా ఉన్నాయి. గమకం ముఖ్యమైన వాళ్లు స్పెసిఫికేషన్ కాగితం పక్కన పెట్టి ముందు ఇది చేత్తో పట్టుకుని చూడాలి.

ఆక్టాప్యాడ్_పీలేరు | పీలేరు

అక్కా, ఒక సందేహం. బెండ్ ఎడమచేత్తోనే గదా? అరేంజర్‌లో ఆ ఎడమచెయ్యే కార్డ్ పట్టుకోవాల. రెండూ ఎట్ల?

వీణ_తిరుపతి | తిరుపతి

అసలు చిక్కు అదే తమ్ముడూ. అరేంజర్‌కి ఎడమచెయ్యి కార్డ్ కోసం కావాలి, గమకానికీ అదే చెయ్యి కావాలి. కార్డ్ ఒకసారి తాకి వదిలేసినా స్టైల్ దాన్నే పట్టుకుని నడుస్తుంది కాబట్టి, తాకి వెంటనే జాయ్‌స్టిక్ మీదికి రావచ్చు. కార్డ్స్ తరచుగా మారే పాటలో అది కుదరదు.

మదనపల్లి_వన్‌మ్యాన్ | మదనపల్లి

ఎస్‌ఎక్స్700, ఎస్‌ఎక్స్900ల్లో కార్డ్ లూపర్ ఉంది. పల్లవి కార్డ్స్ ఒకసారి వాయించి రికార్డ్ చేస్తే అవి తిరుగుతూనే ఉంటాయి, ఎడమచెయ్యి పూర్తిగా ఖాళీ. వేణువు బిట్లకి నేను ఇదే వాడతాను. పాడేవాళ్లు ఒక లైన్ అదనంగా తిప్పుకుంటే మాత్రం లూప్ దారి తప్పుతుంది. కాబట్టి ముందే మాట్లాడుకోవాలి.

అనలాగ్_ప్రియుడు | శ్రీకాళహస్తి

సింథ్ వైపు ఒక బలం ఎవరూ చెప్పలేదు. టోన్‌ని మోనో లెగాటోలో (ఒకసారికి ఒక్క స్వరమే, తెగకుండా పలికేలా) పెట్టి పోర్టమెంటో అనే జారుడు ఆన్ చేస్తే, ఒక కీ వదలకుండా ఇంకో కీ నొక్కినప్పుడు స్వరం జారుతుంది. వీల్ అక్కర్లేదు. జారే వేగం మన చేతిలో. అరేంజర్లలోనూ పోర్టమెంటో ఉంటుంది, కానీ సింథ్‌లో నాదాన్ని పుట్టించి మలిచే ఆసిలేటర్, ఫిల్టర్, ఎన్వలప్ అన్నీ మన చేతికి వస్తాయి కాబట్టి జారేటప్పుడు నాదం గుణం కూడా మార్చుకోవచ్చు. 1982లో చరణ్‌జిత్ సింగ్ గారు రోలాండ్ టీబీ-303 బేస్ మెషీన్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 సింథ్‌లతో రాగాలు వాయించి రికార్డ్ చేశారు. టీబీ-303లో స్వరాల మధ్య జారే స్లయిడ్ ఉంది. మన రాగాలు ఆ మెషీన్ మీద కుదరడానికి అది ఎంతో ఉపకరించింది.

నాదస్వరం టోన్ల గురించి కూడా చెప్పనివ్వండి. శాంపిల్ అంటే ఎవరో విద్వాంసుడు ఊదిన ఒక్క స్వరం. అందులో ఆయన గమకం కూడా రికార్డ్ అయిపోయి ఉంటుంది. ప్రతి కీకి విడిగా రికార్డ్ చెయ్యకుండా ఒకే శాంపిల్‌ని పై కీలకి సాగదీస్తే, స్వరంతో పాటు ఆ ఊపు వేగం కూడా పెరుగుతుంది. ఆక్టేవ్ పైన సరిగ్గా రెండింతలు. మేక అరిచినట్టుంటుందని జనం అనేది దీన్నే. కొనే ముందు ఆ టోన్‌ని ఒక్కో కీ మీద పట్టి వినండి. ఊపు వేగం కీ కీకీ మారిపోతుంటే, ఉన్నట్టుండి ఒక కీ దగ్గర మళ్లీ నెమ్మదిస్తే, శాంపిల్స్ తక్కువ అని అర్థం.

క్వయర్_కీస్ | చిత్తూరు

చర్చిలో వాయిస్తాను. మాకు రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, ఎక్స్‌పీఎస్-30 ఎక్కడ చూసినా కనిపిస్తాయి. ప్రార్థన మధ్యలో పాస్టర్ గారు ఏ శ్రుతిలో మొదలుపెడతారో ముందు తెలియదు, వెనక ప్యాడ్ మెల్లగా పట్టాలి. స్టైల్ అక్కడ పనికిరాదు. పియానో మీద స్ట్రింగ్స్ లేయర్, సస్టైన్ పెడల్, అంతే. సింథ్ మేలు. ఒకటి గుర్తుపెట్టుకో తమ్ముడూ, జూనో-డీఎస్ మాదిరి సింథ్‌లకు సొంత స్పీకర్లు ఉండవు. భజన మండలికి తీసుకుపోతే ఆంప్లిఫయర్ కూడా మోసుకుపోవాలి. డీఎస్61 బ్యాటరీలతో నడుస్తుంది, అది మాత్రం కరెంటు పోయే చోట పెద్ద వరం.

చిత్తూరు_కీస్ | చిత్తూరు

ఎన్ని తెలియని సంగతులు తెలిసినాయో! హిందోళానికి మెషీన్‌లో రిథమ్ ఒక్కటే ఉంచి, తంబుర యాప్‌లో మధ్యమ శ్రుతి పెట్టి వాయించి చూసినా. పెద్దాయన ఈసారి తాళం వేస్తా కూర్చున్నాడు.

ఇంకో అడ్డంకి ఉండాది. మా మండలిలో మిశ్రచాపు కీర్తనలు పాడతారు. ఏడు అక్షరాల స్టైల్ ఎంత వెతికినా దొరకలా.

వీణ_తిరుపతి | తిరుపతి

మెషీన్లతో వచ్చే స్టైల్స్‌లో ఎక్కువ భాగం 4/4, కొన్ని 3/4, 6/8. ఆదితాళం రెండు బార్లలో కుదురుతుంది, రూపకం 3/4లో సర్దుకుంటుంది. చాపు తాళాలకే దిక్కు లేదు. ఇండియా కోసమని వచ్చే యమహా ఐ సిరీస్, క్యాసియో సీటీ-ఎక్స్ ఐఎన్ మోడళ్లలో మన లయలు, తంబుర ఉన్నాయి. సాధన చేసే పిల్లలకి అవి చక్కగా సరిపోతాయి.

మదనపల్లి_వన్‌మ్యాన్ | మదనపల్లి

నేను చేసే పద్ధతి ఇది. 4/4లోనే ఏడు బార్ల స్టైల్ తయారు చెయ్యి. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. అందులో తకిట తకధిమి నాలుగు ఆవర్తాలు సరిగ్గా పడతాయి, ఎనిమిదో బార్ అంటే మళ్లీ మొదలే. మృదంగం, తాళాలు నీ చేత్తో కీల మీద వాయించి రికార్డ్ చేసుకో. ఐదు అక్షరాల ఖండచాపుకి ఐదు బార్లు. మెషీన్ లైటు 4/4లో వెలుగుతుంటుంది, దాన్ని చూడకు. ఫిల్ బటన్ అసలు ముట్టుకోకు, ముట్టుకుంటే ఆవర్తం మధ్యలో తెగిపోతుంది.

ఆక్టాప్యాడ్_పీలేరు | పీలేరు

పద్ధతి బాగుండాది అన్నా. కానీ మిశ్రచాపు కీర్తనకు ఒక మృదంగం పిల్లోడిని పిలవండి. ఊళ్లో నేర్చుకునే పిల్లోళ్లు ఉండారు, వాళ్లకు పక్కన కూర్చుని వాయించే చోటు దొరకడం లేదు. భజన మండలి కన్నా మంచి చోటు యాడుంటాది? పాడే పెద్దోళ్లు చివరి చరణంలో కాలం కొంచెం పెంచుతారు, పిల్లోడు చూసి పెంచుతాడు.

చిత్తూరు_కీస్ | చిత్తూరు

ఆ మాట నాకు బాగా నచ్చింది అన్నా. మా వీధి చివర మృదంగం నేర్చుకునే అబ్బాయి ఉండాడు. రేపే పోయి అడుగుతా.

ఇంగ నా లెక్క చెప్తా. రిసెప్షన్లకు ఎస్‌ఎక్స్700 తీసుకుంటా, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే మేలు. పాత కీబోర్డ్ రేణిగుంట అన్న చెప్పినట్టు శుభ్రం చేయించి భజనకు పెట్టుకుంటా, శ్రుతికి, వేణువుకు. దానికి పిచ్ వీల్ విడిగానే ఉండాది, గమకం దాని మీదే నేర్చుకుంటా. ప్యాడ్ అన్న మాతో ఎప్పుడూ వచ్చే రోజు వస్తే అప్పుడు సింథ్ చూస్తా. సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు ఏమేం పరీక్ష చెయ్యాల?

అనలాగ్_ప్రియుడు | శ్రీకాళహస్తి

ఒక్క మనవి. అమ్మేవాళ్లు ఇండియన్ టోన్లు నిండా లోడ్ చేసి ఇస్తాం అని ఊరిస్తారు. వాటిలో చాలావరకు ఎవరి దగ్గరో కాపీ కొట్టినవి. డోలక్, నాదస్వరం వాయించే కళాకారుల్ని కూర్చోబెట్టి రికార్డ్ చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గర డబ్బిచ్చి కొను. ఎస్‌ఎక్స్700లో కొత్త టోన్లు ఎక్కించుకునే ఎక్స్‌పాన్షన్ మెమరీ 400 ఎంబీ వరకు ఉంటుంది, ఎస్‌ఎక్స్900లో 1 జీబీ. 400లో నీకు నిజంగా కావలసిన నాలుగైదు వాద్యాలు మంచివి పడతాయి. యమహా టోన్ల ప్యాక్ ఇంకో కంపెనీ కోర్గ్‌లోకి ఎక్కదు, కోర్గ్‌ది యమహాలోకి ఎక్కదు. రేపు కంపెనీ మారితే టోన్లు, స్టైల్స్ అన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి, అది లెక్కలో పెట్టుకో.

రేణిగుంట_రిపేర్ | రేణిగుంట

తమ్ముడూ, చూసేటప్పుడు హెడ్‌ఫోన్ తీసుకుపో, షాపు స్పీకర్ని నమ్మొద్దు. టచ్ రెస్పాన్స్ ఆన్‌లో పెట్టి ప్రతి కీ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. మెల్లగా నొక్కినప్పుడు ఏదైనా కీ అరిస్తే రబ్బరు సంగతే, ధర తగ్గించమని అడుగు. జాయ్‌స్టిక్ పక్కకి లాగి వదిలి, తంబుర పక్కన పెట్టి విను. స్వరం సరిగ్గా మధ్యకి తిరిగి రావాలి, కొంచెం పైనో కిందో ఆగిపోతే వద్దు. టచ్ స్క్రీన్ నాలుగు మూలలా నొక్కు. రెండు అవుట్‌పుట్ జాక్‌లలో కేబుల్ పెట్టి కాస్త కదిపి చూడు, కరకరమంటే టంకం విడిపోయి ఉంది. మైక్ జాక్ కూడా అంతే.

మండపాల్లో జనరేటర్ మారేటప్పుడు మెషీన్ ఆఫ్ అయి మళ్లీ లేచేదాకా పాట ఆగిపోతుంది. కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకో. మిక్సర్‌కి కలిపినప్పుడు గుయ్యిమని శబ్దం వస్తే మధ్యలో డీఐ బాక్స్ (కీబోర్డ్‌కీ మిక్సర్‌కీ నడుమ పెట్టే చిన్న పెట్టె) పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కు. కీబోర్డ్ ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ పీకొద్దు. స్టైల్స్, రిజిస్ట్రేషన్లు రెండు పెన్‌డ్రైవ్‌ల్లో పెట్టి, ఒకటి ఇంట్లో ఉంచు.

పాత కీబోర్డ్ ఎప్పుడైనా తీసుకురా. ఆదివారం ఒక్కటీ షాపు ఉండదు.